తిప్పి జరిపిన త్రిభుజానికి ఒకే కేంద్రం

ఆకారమూ కొలతలూ మారకుండా ఒక త్రిభుజాన్ని నిరూపక తలంపై ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడానికి బడిలో నేర్పే పద్ధతులు ముఖ్యంగా మూడు: భ్రమణం (ఒక బిందువు చుట్టూ తిప్పడం), స్థానాంతరణం (తిప్పకుండా జరపడం), పరావర్తనం (అద్దంలో ప్రతిబింబంలా తిరగేయడం). వీటిలో పరావర్తనం బొమ్మను కుడియెడమలు తారుమారు చేస్తుంది కాబట్టి దానిని ఇక్కడ పక్కన పెడదాం. మిగిలిన రెండింటినీ విడివిడిగా చేయడంలో పెద్ద కష్టమేమీ లేదు. ఒకదాని వెంట మరొకటి చేసినప్పుడు మొత్తంగా జరిగిన కదలిక ఎటువంటిది అన్న ప్రశ్న మాత్రం చాలా పాఠాల్లో అడగకుండానే మిగిలిపోతుంది.

గళ్ల కాగితం మీద ఎ (1, 1), బి (4, 1), సి (1, 3) శీర్షాలుగా ఒక లంబకోణ త్రిభుజాన్ని గీద్దాం. దీనిని మూలబిందువు (0, 0) చుట్టూ అపసవ్య దిశలో, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, 90 డిగ్రీలు తిప్పితే ప్రతి బిందువులోనూ రెండు నిరూపకాలు స్థానాలు మార్చుకుంటాయి, ముందుకు వచ్చినదాని గుర్తు మారుతుంది. అంటే మూడు శీర్షాలూ వరుసగా (-1, 1), (-1, 4), (-3, 1) అవుతాయి. ఇప్పుడు ఆ త్రిభుజాన్ని 6 గళ్లు కుడికీ 2 గళ్లు పైకీ జరిపితే అవి (5, 3), (5, 6), (3, 3) వద్దకు చేరుకుంటాయి. ఇదే పనిని తలకిందులుగా, అంటే ముందు జరిపి తరువాత తిప్పి చూస్తే, శీర్షాలు (-3, 7), (-3, 10), (-5, 7) దగ్గర తేలతాయి. రెండు ఫలితాలకూ మధ్య ఎడమకు 8 గళ్లు, పైకి 4 గళ్లు తేడా ఉంది. కూడికలో, గుణకారంలో సంఖ్యలను ఎటు మార్చినా ఫలితం ఒక్కటే అన్న అలవాటుతో వచ్చేవారు మొదట తడబడేది ఇక్కడే. రెండో పద్ధతిలో తిప్పేటప్పుడు త్రిభుజంతో పాటు మనం అప్పటికే చేసిన జరుపు కూడా తిరిగిపోతుంది. కుడికి 6, పైకి 2 అన్నది ఎడమకు 2, పైకి 6గా మారుతుంది. రెండు ఫలితాల మధ్య తేడా అంతా అదే.

అయితే రెండు ఫలితాలనూ కాస్త నిదానంగా చూస్తే, త్రిభుజం రెండింటిలోనూ ఒకే వైపుకు తిరిగి ఉందని కనిపిస్తుంది. స్థానాంతరణం దేనినీ తిప్పదు కనుక మొత్తం తిరుగుడు 90 డిగ్రీలే. అలాంటప్పుడు ఈ జంట కదలికను వేరే బిందువు చుట్టూ చేసిన ఒక్క భ్రమణంగా చెప్పగలమా? చెప్పగలం. ఆ బిందువును పట్టుకోవడానికి జ్యామితి పెట్టెలోని వృత్తలేఖిని చాలు. ఒక భ్రమణంలో ప్రతి శీర్షమూ, దాని కొత్త స్థానమూ కేంద్రం నుంచి సమాన దూరంలో ఉండాలి. అందువల్ల ఆ రెండింటినీ కలిపే రేఖాఖండపు లంబ సమద్విఖండన రేఖ (దానిని సరిగ్గా మధ్యలో లంబంగా ఖండించే గీత) మీదే కేంద్రం ఉంటుంది. ముందు తిప్పి తరువాత జరిపిన ఉదాహరణలో సి బిందువు (1, 3) నుంచి (3, 3)కు వెళ్లింది, కాబట్టి కేంద్రం ఎక్స్ విలువ 2గా ఉన్న నిలువు గీత మీద ఉండాలి. ఎ బిందువు (1, 1) నుంచి (5, 3)కు వెళ్లింది. దాని లంబ సమద్విఖండన రేఖను గీస్తే అది ఆ నిలువు గీతను (2, 4) వద్ద ఖండిస్తుంది. త్రిభుజాన్ని పలుచని కాగితం మీదకు ఎత్తి రాసుకుని, (2, 4) వద్ద గుండుసూది గుచ్చి, కాగితాన్ని పావు చుట్టు అపసవ్యంగా తిప్పితే మూడు శీర్షాలూ కొత్త స్థానాల మీద సరిగ్గా కూర్చుంటాయి. ముందు జరిపి తరువాత తిప్పినప్పుడు సూదిని గుచ్చవలసిన చోటు (-4, 2). అంటే క్రమం మారితే కోణం మారదు, కేంద్రం మాత్రమే మారుతుంది.

ఇది ఎంచుకున్న అంకెల గారడీ కాదు. మూలబిందువు చుట్టూ తలాన్ని తిప్పినప్పుడు దూరంగా ఉన్న బిందువు ఎక్కువగా, దగ్గరగా ఉన్నది తక్కువగా కదులుతుంది. ఏ దిశలో ఉన్న బిందువు ఏ దిశకు కదులుతుందన్నదీ కచ్చితంగా నిర్ణయమై ఉంటుంది. కాబట్టి ఏ పొడవునైనా, ఏ దిశనైనా కోరుకోండి, సరిగ్గా అంత దూరం అటువైపే కదిలే బిందువు తలంలో ఒకే ఒక్కటి దొరుకుతుంది. మన స్థానాంతరణానికి సరిగ్గా ఎదురుగా, అంతే దూరం కదిలే బిందువును తీసుకుంటే, భ్రమణం దానిని తీసుకుపోయిన చోటు నుంచి స్థానాంతరణం వెనక్కి తెచ్చేస్తుంది. కదలకుండా మిగిలే ఆ బిందువే కొత్త కేంద్రం. దీనికి ఒకే షరతు ఉంది: కోణం సున్నా కాకూడదు, పూర్తి చుట్లు కూడా కాకూడదు.

కోణం సున్నాకు దగ్గరవుతున్నప్పుడు ఏమవుతుందన్నది నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం. 10 యూనిట్లు జరిపి, దానితో పాటు ఒక్క డిగ్రీ మాత్రమే తిప్పామనుకుందాం. అప్పుడు కొత్త కేంద్రం మొదటి కేంద్రం నుంచి సుమారు 573 యూనిట్ల దూరంలో, అంటే కాగితం హద్దులు దాటి ఎక్కడో ఉంటుంది. కోణం ఇంకా తగ్గేకొద్దీ కేంద్రం ఇంకా దూరం పోతుంది, త్రిభుజం నడిచే వృత్తపు చాపం సరళరేఖకు మరింత దగ్గరవుతుంది. స్థానాంతరణాన్ని అనంత దూరంలో కేంద్రమున్న భ్రమణంగా గణితవేత్తలు చూసేది ఇందుకే. దీనికి మరో వైపు నుంచి కూడా దారి ఉంది. త్రిభుజాన్ని మూలబిందువు చుట్టూ 180 డిగ్రీలు, ఆపైన (3, 1) చుట్టూ మరో 180 డిగ్రీలు తిప్పితే మొత్తం తిరుగుడు 360 అయి రద్దవుతుంది, త్రిభుజం మాత్రం కుడికి 6, పైకి 2 గళ్లు జరిగి ఉంటుంది. మనం మొదట వాడిన స్థానాంతరణమే ఇలా రెండు భ్రమణాల నుంచి పుట్టుకొచ్చింది.

త్రిమితీయ ప్రపంచంలో ఇంత సౌలభ్యం లేదు. అక్కడ ఒక వస్తువును తిప్పి జరిపితే సాధారణంగా మిగిలేది మర కదలిక, అంటే ఒక అక్షం చుట్టూ తిరుగుతూ దాని వెంటే ముందుకు సాగడం. ఈ సిద్ధాంతానికి 1830లో దానిని ప్రకటించిన ఫ్రెంచి గణితవేత్త మిషెల్ షాల్ పేరు నిలిచింది, ఇటలీకి చెందిన జూలియో మోజి 1763లోనే దీనిని చెప్పినా.

తలంలోని సంగతి యంత్రాల రూపకల్పనలో నేరుగా పనికొస్తుంది. ఒక మూత మూసి ఉన్నప్పుడు ఎక్కడ ఉండాలో, తెరిచినప్పుడు ఎక్కడ ఉండాలో నిర్ణయించుకుంటే, దాని మీద రెండు బిందువుల లంబ సమద్విఖండన రేఖలు కలిసే చోట ఒక్క కీలు పెడితే సరిపోతుంది. ఆ చోటు గాలిలోనో, అడ్డంకి ఉన్న చోటో పడితే ఒకే కీలు కుదరదు. అప్పుడు ఒక్కో రేఖ మీద అనుకూలమైన బిందువును ఎంచుకుని, అక్కడి నుంచి మూతకు ఒక్కో కడ్డీ తగిలిస్తారు. మూత రెండు స్థానాలకే కాక నడుమ మూడో స్థానం గుండా కూడా వెళ్లాలంటే, తగిలించే ప్రతి బిందువుకూ మూడు చోట్లు ఏర్పడతాయి. ఆ మూడింటి గుండా పోయే వృత్తానికి కేంద్రం ఏదో అక్కడే కడ్డీ రెండో కొసను బిగించాలి.