మార్బ్లింగ్‌లో పురానాపూల్: అపోహలు – వాస్తవాలు

చిక్కటి నీళ్ల మీద రంగులు తేల్చి, వాటిని కాగితానికి ఎక్కించుకోవడమే మార్బ్లింగ్. ఆ పద్ధతిలో నేను హైదరాబాద్‌లోని మూసీ నది ఒడ్డునూ, దాని మీది పాత వంతెన పురానాపూల్‌నూ వేస్తుంటాను. బొమ్మ చూసినవాళ్లు తరచూ అనే మాటలకు నా సమాధానాలివి.

అపోహ: రంగులు చల్లితే చాలు, బొమ్మ దానంతటదే పడుతుంది.

చుక్క ఎంత విచ్చుకోవాలో నిర్ణయించేది మనమే. రంగులో కలిపే ఎద్దు పైత్యరసం (షాపుల్లో ఆక్స్ గాల్ అంటారు) ఎక్కువైతే రంగు పలచగా పరుచుకుపోతుంది, తక్కువైతే అడుగుకు దిగిపోతుంది. వంతెనకైతే ఇంకా చాకిరీ ఉంది. ముందు కాగితానికి పటిక నీళ్లు పట్టించి ఆరబెడతాను. అది లేకపోతే కడిగేసరికి రంగు జారిపోతుంది. తర్వాత 22 కమానుల వంతెన ఆకారాన్నంతా కుంచెతో తుమ్మ జిగురు పూసి కప్పేస్తాను. జిగురున్న చోట రంగు అంటదు కాబట్టి మొదటిసారి ఆకాశం, నది మాత్రమే వస్తాయి. కడిగి ఆరాక వాటిని కప్పి, రాతి రంగులు ఎక్కిస్తాను. కాగితాన్ని బోర్లా వేస్తాం కనుక నీటి మీది నమూనాకు కుడి ఎడమలు మారిపోతాయి. దిగువన నిలబడి పడమరకు చూస్తే పాతబస్తీ ఎడమవైపు ఉంటుంది. అటు ముదురు రంగు కావాలంటే ట్రేలో కుడివైపు చల్లాలి. ఇదంతా ముందే మనసులో గీసుకోవాలి.

అపోహ: ఇది టర్కీ కళ, మనది కాదు.

టర్కీ మార్బ్లింగ్ అయిన ఎబ్రూను యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో చేర్చిన మాట నిజమే. కానీ 17వ శతాబ్దంలో బీజాపూర్ చిత్రకారులు అబ్రీతో (ఇక్కడ మార్బ్లింగ్‌కు ఉన్న పేరు) ఏకంగా మనుషులనూ, జంతువులనూ వేశారు. సుమారు 1625 నాటి బక్కచిక్కిన గుర్రం, రౌతు బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. దక్కన్‌లో పుట్టినవాళ్లం దీన్ని పరాయి కళ అనడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: మురికి మూసీకి ఇన్ని రంగులా? అబద్ధం!

మురికిని నేను దాచను. ట్రేలో నల్లరంగు తేల్చిన నీటి మీద రంగు కలపని ఆక్స్ గాల్ చుక్కలు విదిలిస్తే తెల్లటి గుండ్రాలు విచ్చుకుంటాయి. అదే నా మూసీ నురగ. అయితే ఈ వంతెన 1578 నాటిది, చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. అనంతగిరి కొండల్లో పుట్టి వచ్చే ఆ నీటికి అంత వయసున్న వంతెన కింద నీలం, పచ్చ కూడా దక్కాలి. అందుకే వేస్తాను.

అపోహ: ఏ నీళ్లైనా సరిపోతాయి.

సరిపోవు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అందులో క్యారాజీనన్ పొడి (నీటిని చిక్కబరిచే సముద్రపు నాచు పొడి) కలిపితే నీరు సరిగా కుదరదు, రంగుల అంచులు చెదురుతాయి. డిస్టిల్డ్ నీళ్లు వాడండి. పొడి కలిపి రాత్రంతా వదిలేస్తే బుడగలు పోతాయి. ఎండాకాలంలో అది త్వరగా పాడవుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. ప్రతిసారీ రంగు వేసే ముందు న్యూస్‌పేపర్ పీలికతో పైపొరను లాగేయండి. దుమ్ము రేణువు ఒక్కటున్నా అక్కడ బొమ్మలో చిల్లు పడుతుంది.