మోటారు వేస్తే జనరేటర్ ఎందుకు మూలుగుతుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో తీరం దాటాక మా పెదవాల్తేరు వీధి వారానికి పైగా చీకట్లో ఉంది. అయిదో రోజున ఎదురింటాయన ఎక్కడి నుంచో 2.5 కేవీఏ (అంటే 2,500 వోల్ట్-ఆంపియర్ల) పెట్రోలు జనరేటర్ తెప్పించారు. వీధిలోని ఫోన్లన్నీ ఆయన వరండాలోకి చేరాయి. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. మిద్దె మీది ట్యాంకు ఖాళీ కావడంతో బోరు మోటారు స్విచ్ వేశారు. జనరేటర్ ఒక్క మూలుగు మూలిగింది, దీపాలు ఎర్రబడ్డాయి, ఇంజను ఆగిపోయింది. మూడుసార్లు వేశారు, మూడుసార్లూ ఇంతే. “ఒక హార్స్‌పవర్ మోటారంటే 746 వాట్లే కదండీ! దీనికి రెండు వేల వాట్ల సత్తా ఉంది” అని ఆయన వాదన. కూడికలో తప్పేమీ లేదు. ఆ మోటారు అప్పటికింకా తిరగడం మొదలుపెట్టలేదు, చిక్కంతా అక్కడే.

తిరుగుతున్న మోటారు తనలోకి వచ్చే కరెంటును తానే అడ్డుకుంటుంది. లోపలి రోటరు తిరిగేకొద్దీ వైండింగులో, అంటే తీగచుట్టలో, ఎదురు వోల్టేజి పుట్టి, కరెంటును అదుపులో ఉంచుతుంది. ఆగి ఉన్న మోటారుకు ఆ ఎదురు వోల్టేజి లేదు. అందుకే స్విచ్ వేసిన క్షణంలో మామూలుగా తీసుకునే దానికి అయిదారు రెట్లు లాగుతుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు అయిదారు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. మొదలయ్యేటప్పుడు దానికి 30 దాకా కావాలి. ఎదురింటి జనరేటర్ ఇవ్వగలిగింది 11 ఆంపియర్లు. వోల్టేజి పడిపోతుంది, పడిపోయిన వోల్టేజితో మోటారు కదలదు, కదలని మోటారు ఇంకా లాగుతూనే ఉంటుంది.

కాబట్టి జనరేటర్ కొనేవారు వాట్లు కూడుకుంటూ కూర్చోనక్కరలేదు. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మోటారు ఏదో చూడండి. దాని ప్రారంభ కరెంటుకు మిగతావాటి మామూలు వాడకం కలిపి, జనరేటర్ క్షణకాలం ఇవ్వగలిగే గరిష్ఠంతో పోల్చి చూడండి. బోరు ఉన్న ఇంటికి 5 కేవీఏకు తక్కువ నేను చెప్పను. ఇన్వర్టర్ రకం ఏసీ, ఫ్రిజ్‌లతో ఈ గొడవ ఉండదు, అవి నెమ్మదిగా వేగం పుంజుకుంటాయి. బోరు లేదు, రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఫోన్లు చాలంటారా? అప్పుడు జనరేటరే వద్దు. ఒక 150 ఆంపియర్-అవర్ బ్యాటరీతో ఇన్వర్టర్ పెట్టుకుని మిగిలిన డబ్బు దాచుకోండి. తుపాను తర్వాత పెట్రోలు బంకు ముందు నిలబడే పని కూడా తప్పుతుంది. డీజిల్ సెట్టు పెద్ద ఇళ్లకు బాగుంటుంది కానీ, పెద్దది కొని రోజూ ఒక్క ఫ్రిజ్ నడిపితే ఇంజను తగినంత వేడెక్కక, సరిగా మండని ఇంధనం పొగగొట్టంలో జిడ్డుగా పేరుకుంటుంది.

ఒకసారి నడుస్తున్న జనరేటర్ పక్కన నిలబడి ఇస్త్రీపెట్టె పెట్టించండి. ఇంజను గొంతు దిగి, మళ్లీ సర్దుకోవడం వినిపిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుత్ ప్రేరణే అది. తీగచుట్టలో కరెంటు పారగానే అది అయస్కాంతమై, తిరిగేదాన్ని వెనక్కి లాగుతుంది. ఎంత కరెంటు వాడితే అంత లాగుడు. అప్పుడు ఇంజను ఎక్కువ పెట్రోలు తాగి నిమిషానికి 3000 చుట్ల దగ్గర నిలబడాలి. అంటే సెకనుకు 50, మన సరఫరాలోని 50 హెర్ట్జ్ అదే.

అమర్చడంలో కొందరు చేసే పని నాకు ఒళ్లు మండిస్తుంది. రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు చేసి, జనరేటర్ కరెంటును గోడ సాకెట్లో గుచ్చుతారు. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతుంది. 11,000 వోల్టులను తగ్గించి మనకు ఇచ్చే ఆ పెట్టె, వెనక నుంచి ఇస్తే పెంచుతుంది. మన 230 అటు పక్క సుమారు 10,000 వోల్టులవుతుంది. చాలాసార్లు వీధి భారానికి జనరేటర్ ముందే ఆగిపోతుంది. తీగ తెగి, వీధి భారం దాని మీద పడకపోతే మాత్రం ఆగకపోవచ్చు. తుపాను తర్వాత తీగలు తెగే ఉంటాయి, వాటిని పట్టుకుని లైన్‌మన్ స్తంభం మీదే ఉంటాడు. ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి, ఫేజుతో పాటు న్యూట్రల్‌ను కూడా మార్చే రెండు పోళ్లది. దాని పిడి పైకి ఉంటే వీధి కరెంటు, కిందికి ఉంటే జనరేటర్. రెండూ ఒకేసారి కలిసే దారి లోపల ఇనుములోనే లేదు. జనరేటర్ ఒంటికి విడిగా ఎర్తింగ్ కూడా కావాలి. బీచ్ దగ్గరి పొడి ఇసుకలో గొట్టం ఊరికే పాతితే సరిపోదు, తడి తగిలే లోతుకు వెళ్లాలి.

ఇక పొగ. ఇందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే సెల్లారులో, మెట్ల కింద, వరండాలో జనరేటర్ నడపకూడదు. ఎదురింటాయన వరండాలోనే నడిపారు, అందరం అక్కడే కూర్చున్నాం. ఎవరికీ ఏమీ కాకపోవడం మా తెలివి కాదు. విశాఖలో ఇంకో మెలిక ఉంది. పగలు గాలి సముద్రం మీది నుంచి ఊళ్లోకి వీస్తుంది, రాత్రి నేల మీది నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. పగలు చూసి “పొగ అటు పోతోందిలే” అని పడమటి కిటికీ ముందు పెడితే, తెల్లవారుజామున అది పడకగదిలోకే వస్తుంది. ఇంటికి ఏ పక్కనా కిటికీకి ఎదురుగా కాకుండా, ఆరుబయట, దూరంగా పెట్టాలి.

ఆరుబయట అంటే ఉప్పుగాలి. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఇనుము మీద సన్నని తడిపొరగా నిలుస్తుంది. లాసన్స్ బే పక్క ఇళ్లలో కిటికీ ఊచలు చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. తరువాతి వేసవిలో నేనూ ఒక 5 కేవీఏ కొన్నాను. నెలకోసారి, ఆదివారం పొద్దున్న, ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు వేసి 20 నిమిషాలు నడుపుతాను. దాని మూతను మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడుస్తాను. గుడ్డ ఆరాక చూస్తే దాని మీద తెల్లటి పొడి మెరుస్తూ ఉంటుంది.