మా దూది మార్చేస్తారా? రజాయి షాపుల మీద అపోహలు - వాస్తవాలు

చలి మొదలైందంటే చాలు షాపులో రోజూ ఇదే మాట, "అన్నా, మా దూది మాకే ఇస్తవా, మార్చవు గదా?" ఆదిలాబాద్‌లో డిసెంబర్, జనవరి చలి ఎట్లుంటదో ఇక్కడోళ్లకి చెప్పక్కర్లేదు, మాకు పనంతా ఆ రెండు నెలల్లోనే మీద పడుతుంది. నాన్న టైం నుంచీ మాది దూది ఏకే పని, అంటే పాత రజాయిల్లో అణిగిపోయిన దూదిని మిషన్ మీద విడదీసి మళ్లీ పొంగించడం. రజాయిలు, పరుపులు కూడా కుడతాం. ఆ ప్రశ్న అడగడం తప్పని నేనెప్పుడూ అనను. బాధ ఎక్కడంటే, ఆ భయంతోనే చాలామంది బంగారంలాంటి దూది ఉన్న పాత రజాయిని ఎక్స్‌ఛేంజ్ ఆఫర్‌లో పడేసి, లోపల ఏముందో తెలియని కొత్తది డబ్బులు పెట్టి కొనుక్కుంటున్నారు.

అపోహ: ఏకడానికిస్తే దూది కొట్టేస్తారు, ఇచ్చినంత తిరిగి రాదు

ఇచ్చినంత తిరిగి రాదు, అది నిజమే. కానీ దానర్థం కొట్టేశారని కాదు. ఏళ్ల తరబడి కప్పుకున్న రజాయిలో దుమ్ము, నలుసులు, తెగి పొట్టిగా అయిపోయిన పోగులు ఉంటాయి, మిషన్ పళ్ల మీద నుంచి దూది పోయేటప్పుడు అవన్నీ కింద రాలిపోతాయి. మా దగ్గర 2 కేజీల రజాయికి పావుకేజీ అటూ ఇటూ పోతుంది, బాగా పాతదైతే ఇంకా ఎక్కువ. కింద రాలింది చూపిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు, బూడిద రంగులో ఉంటుంది, ఇన్నాళ్లూ దీన్నా కప్పుకున్నది అంటారు.

"పాత దూదికి వేడి ఉండదు, ఏకినా వేస్టే" అని ఇంకో పుకారు, ఇది ఎవరు పుట్టించారో గానీ వినీ వినీ విసుగొచ్చింది. వేడి పుట్టించేది దూది కాదండీ, మన ఒంటి వేడిని ఆపేది దూది పోగుల మధ్య నిలిచిన గాలి. వాడగా వాడగా దూది అణిగి గడ్డలు కడుతుంది, గాలి ఉండే చోటు పోతుంది, అందుకే చలి పెడుతుంది. ఏకితే పోగులు విడిపోయి మళ్లీ పొంగుతుంది, పోయినంత కొత్త దూది కలిపి కుడితే ఇంకొన్నేళ్లు హాయిగా వాడుకోవచ్చు. తడిసి బూజు పట్టింది, ఉచ్చ వాసన ఇంకిపోయింది, చేత్తో నలిపితే పొడి అయ్యేది మాత్రం పనికిరాదు, అలాంటిది తెస్తే నేనే వద్దంటా.

మరి మోసం చేసేవాళ్లే లేరా అంటే ఉన్నారు, ఎందుకు లేరు. మంచి దూది తీసి పక్కన పెట్టి మిల్లు వేస్టో, బట్టల కటింగ్ ముక్కలు చీల్చిన దూదో నింపి కుట్టేస్తారు. కుట్టాక మీకు లోపల కనపడదు, చూడాల్సింది కుట్టకముందే. గుప్పెడు తీసుకుని రెండు చేతుల్తో మెల్లగా లాగండి, మంచి దూది సాగి పోగులు పోగులుగా విడిపోతుంది, వేస్టయితే టక్కున తెగి పొట్టు రాలుతుంది. ఎర్రవి, నీలంవి రంగు పోగులు కనపడ్డాయంటే అది కటింగ్ దూదే. ఫైబర్, అంటే పాలిస్టర్ పోగు, కలిపారని అనుమానమొస్తే చిటికెడు బయటికి తీసుకెళ్లి జాగ్రత్తగా కాల్చండి, దూది కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి నల్ల పూసలా మిగులుతుంది.

గుర్తు కోసం మాత్రం దయచేసి లోపల ఏదీ దాచకండి. ఒక పెద్దమ్మ తన చేను పత్తితో కూతురి పెళ్లికి కుట్టించిన రజాయి తెచ్చింది. మిషన్ మీద వేయబోతూ చేత్తో విప్పుతుంటే గట్టిగా తగిలింది, చూస్తే రూపాయి బిళ్ల, గుడ్డలో కట్టిన పిన్నీసు. "నాదే ఇస్తవో లేదో తెల్వాలె గద బిడ్డా" అంది. నాకు కోపం రాలేదు, ఇంతకుముందు ఎక్కడో మోసపోయిందట, కూతురి సామాను మీద ఆ మాత్రం ప్రేమ ఉంటుంది కదా. కానీ ఇనుము మిషన్ పళ్లకి తగిలితే నిప్పు రవ్వ లేస్తుంది, చుట్టూ ఉన్నదంతా దూది, షాపు మొత్తం అంటుకుంటుంది, మనుషులే పోతారు. ఆమెకి కుర్చీ వేసి కూర్చోబెట్టా, ఎదురుగానే తూకం వేసి, ఏకి, మళ్లీ తూకం వేసి చూపించా. ఇప్పుడు వాళ్ల వాడకట్టు వాళ్లందర్నీ మా దగ్గరికే పంపిస్తుంది.

కస్టమర్‌కి నచ్చేది ఇదే, నేను చూసినంతలో. రేటు పది రూపాయలు ఎక్కువైనా పర్లేదంటారు, కళ్ల ముందు తూకం ఉండాలి, ఏకినందుకు ఎంత, కొత్త దూదికి ఎంత, గుడ్డకెంత, కుట్టుకెంత అని విడివిడిగా చీటీ మీద రాసివ్వాలి. "మొత్తం ఇంత" అని గుండుగుత్తగా చెప్పే షాపంటే అనుమానం రావడం న్యాయమే.

మిగతావి చకచకా చెప్పేస్తా.

బరువుంటేనే వెచ్చగా ఉంటుంది: కాదు. పైన చెప్పిన గాలి సంగతే. అణిగిపోయిన 4 కేజీల రజాయి కన్నా బాగా ఏకిన 2 కేజీలది నయం. జైపూర్ రజాయిలకి పేరొచ్చిందే తేలిగ్గా ఉండి వెచ్చగా ఉంటాయని.

తెల్లగా మెరిస్తేనే అసలు దూది: పత్తి సహజంగా కొంచెం మీగడ రంగులో ఉంటుంది, మరీ తళతళలాడితే బ్లీచ్ చేసిందో, ఫైబరో అయి ఉండొచ్చు.

ఫైబర్ అంటే చెత్త: అదీ కాదు. చెమట పీల్చదు గానీ ఉతకడానికి వీలు, త్వరగా ఆరుతుంది. దూది రజాయిని మాత్రం నీళ్లలో ముంచకండి, గడ్డకట్టేస్తుంది, ఎండలో వేసి తిప్పుతుంటే చాలు.

దూది వల్లే పిల్లలకి ఆయాసం: ఈ భయంతో వచ్చే తల్లులని చూస్తే పాపం అనిపిస్తుంది. చాలాసార్లు అసలు కారణం దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు, అవి ఫైబర్ రజాయిలోనూ చేరతాయి. కవర్ వేసి, వారానికోసారి ఆ కవర్ని బాగా వేడి నీళ్లలో ఉతకండి, మందుల సంగతి డాక్టర్‌నే అడగండి. ఏడాది లోపు పిల్లలకైతే రజాయి, దిండు ఏవీ వద్దు, ముఖం మీద పడితే ఊపిరాడదు, చలికి మందం బట్టలు తొడగండి చాలు.

ఇక అందరూ తిట్టేది లేటు గురించి. చేత్తో వేసే కుట్టుకి టైం పడుతుంది, చలి వణికించాక అందరూ ఒకేసారి వస్తే ఏ షాపువాడూ చెప్పిన రోజుకి ఇవ్వలేడు. దసరా అయిపోగానే తెచ్చేయండి, అప్పుడైతే మాకూ తీరిక, పక్కన కూర్చుని మీ దూది మీరే చూసుకోవచ్చు.