పిల్లి దాచుకునేవి

ఇంటికి తెచ్చిన రోజు ఆ గండుపిల్లి బుట్టలోంచి దూకి నేరుగా మంచం కిందికి పోయింది. గోడమూలకి ఒదిగి, కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకుని కూర్చుంది. పిలిచాను, తిండి చూపించాను, చెయ్యి చాచాను. ఊహూ, కదల్లేదు. తెల్లారి చూస్తే గిన్నెలో తిండి సగానికి తగ్గింది, మలమూత్రాలకని పెట్టిన ట్రేలో ఇసుక తవ్వి ఉంది. మేం నిద్రపోయాక బయటికొచ్చి, ఇల్లంతా తిరిగి చూసుకుని, మళ్ళీ తన మూలకి చేరిందన్నమాట. నాలుగు రోజులు ఇదే వరస.

పిల్లిని పెంచుకోవడానికి తెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. దీనికి మనం నచ్చలేదేమో అనుకుంటారు. అది మన మీద కోపం కాదు, దాని పుట్టుకలోనే ఉన్న జాగ్రత్త. ఇంటిపిల్లులన్నిటికీ మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల ఎండు నేలల్లో తిరిగే అడవిపిల్లి. సుమారు పదివేల ఏళ్ళ కింద మనుషులు గింజలు నిల్వ చేయడం మొదలుపెడితే ఎలుకలొచ్చాయి, ఎలుకల వెనకే ఇదీ వచ్చింది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి అస్థిపంజరం పక్కనే పిల్లి అస్థిపంజరం కూడా దొరికిందని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. అంటే దాన్ని ఎవరో పడవలో వెంటబెట్టుకుని వెళ్ళి ఉండాలి. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ అడవిపిల్లి ఒంటరిగా వేటాడుతుంది. ఎలుక పాలిట అది మృత్యువు, కానీ తనకన్నా పెద్ద జంతువు కంటబడితే అదే ఆహారం. నీరసంగా ఉన్నట్టు కనబడితే చాలు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే భయాన్నీ నొప్పినీ దాచుకోవడం దానికి అలవాటైపోయింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు అన్నది కూడా ఈ దాచుకునే గుణాన్ని చూసే.

కాబట్టి కొత్తగా వచ్చిన పిల్లికి మొదట ఇల్లంతా వదిలేయొద్దు. ఒక చిన్న గది, అందులో దూరడానికి ఒక అట్టపెట్టె, తిండికి దూరంగా ఓ మూల ట్రే, ఇవి చాలు. దాక్కున్నదాన్ని బయటికి లాగితే పని మొదటికొస్తుంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చేతుల్లో పెరిగిన కూన తేలిగ్గా కలిసిపోతుంది. ఆ వయసులో మనుషుల్ని ఎరగనిదానికి వారాలు, నెలలు పట్టొచ్చు. ఐదో రోజు నేను నేలమీద పడుకుని, దానివైపు చూస్తూ మెల్లగా కళ్ళు మూసి తెరిచాను. అదీ రెప్పలు సగం వాల్చింది. ఇలా నెమ్మదిగా రెప్పలార్పే మనిషికి పిల్లి కూడా రెప్పలార్పి బదులిస్తుందనీ, అలాంటి మనిషి చెయ్యి చాస్తే దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడుతుందనీ 2020లో బ్రిటన్‌లో చేసిన ఒక పరిశోధన చెప్పింది. ఆ రాత్రి మావాడు నా పాదాల దాకా వచ్చాడు.

పిల్లి దాచుకునేవాటిలో దాహం ఒకటి. ఎండు నేల జీవి కాబట్టి దాని మూత్రపిండాలు నీటిని గట్టిగా పొదుపు చేస్తాయి. ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీరే, తిండితోనే గొంతు తడిసేది. మనం పెట్టే పొడి తిండిలో ఉండేది 10 శాతం లోపే. ఆ లోటు తీరేటంత నీళ్ళు అది తాగదు. తడి తిండి కలిపి పెట్టడం, గిన్నెకి దూరంగా రెండు మూడు చోట్ల నీళ్ళుంచడం అందుకే.

ఈ విషయం నాకు భయంతో తెలిసింది. ఒక సాయంత్రం మావాడు పదేపదే ట్రేలోకి వెళ్ళి వంగి కూర్చుంటున్నాడు. మలబద్ధకం అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే ఇసుక పొడిగానే ఉంది, మూత్రం రెండు చుక్కలు. గండుపిల్లి మూత్రనాళం చాలా సన్నం, నీళ్ళు చాలక చిక్కబడిన మూత్రంలో పుట్టే చిన్న స్ఫటికాలు అడ్డుపడినా మూసుకుపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. పొద్దుటిదాకా ఆగకుండా ఆ రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం వల్ల బతికాడు.

తిండి సంగతికొస్తే, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలో బాగుంటుంది కానీ, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. తీపి రుచే వాటికి తెలియదు, ఆ రుచిని పట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో తేలింది. పిల్లి పూర్తి మాంసాహారి. మాంసంలో దొరికే టౌరిన్ అనే పోషకం చాలకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనమవుతుంది. మన ఇష్టాన్నిబట్టి దాన్ని శాకాహారిగా మార్చాలనుకోవడం, ఎంత మంచి మనసుతో చేసినా, దానికి హాని చేయడమే. మన మందులు కూడా వెయ్యకండి. ఒక్క పారాసిటమాల్ బిళ్ళ చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. దాన్ని విరిచే ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిగా లేదు. ఇంట్లో లిల్లీ పూలు పెట్టకండి, వాటి పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడవుతాయి.

టీకాలు ఆరేడు వారాల వయసులో మొదలవుతాయి, డాక్టరు చెప్పిన తేదీలు తప్పకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఐదు నెలల లోపే చేయిస్తే మేలు. ఆడపిల్లి నాలుగో నెలలోనే ఎదకి రావచ్చు, ఆపైన తొమ్మిది వారాల్లో పిల్లల్ని పెడుతుంది.

గుర్‌గుర్‌మనే చప్పుడు హాయికి గుర్తే, కానీ నొప్పితో ఉన్న పిల్లి కూడా అలాగే అంటుంది. అందుకే నేను చప్పుడు కన్నా బరువును నమ్ముతాను. ప్రతి ఆదివారం వాడిని ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడతాను, తర్వాత నా బరువు తీసేస్తాను. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు, కంటికి మాత్రం ఆనదు. రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా కాలేయంలో పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది. ఎక్కే బల్ల ఎక్కకపోవడం, ఒళ్ళు నాక్కోకపోవడం, ఇవన్నీ అది చెప్పని మాటలే.

మావాడికి ఇప్పుడు ఇల్లంతా సొంతం. నా కుర్చీ కూడా వాడిదే. అయినా ఒంట్లో బాగోలేకపోతే మొదటి రోజు దూరిన మంచం కింది మూలకే పోతాడు. సాయంత్రం పిలిచినా రాకపోతే ముందు టార్చి పట్టుకుని అక్కడే వెతుకుతాను.