బాతు తోక నుంచి దాచిన రెక్క దాకా: వేగం పెరిగితే కారు ఎందుకు తేలిపోతుంది?

1960ల నాటి కొన్ని పోర్షే 911 కార్ల ముందు బంపర్ లోపల, రెండు మూలల్లోనూ చెరో 11 కిలోల పోత ఇనుప దిమ్మ ఉండేది. కారు ముక్కుని బరువెక్కించడం తప్ప దానికి ఇంకో పని లేదు. తేలికైన కార్లకి పేరుపడ్డ కంపెనీ 22 కిలోల ఇనుముని ఊరికే మోయించిందంటే, సమస్య దాన్ని ఎంత ఇబ్బంది పెట్టిందో ఊహించుకోవచ్చు. 911 ఇంజన్ వెనక ఇరుసుకి కూడా అవతల వేలాడుతూ ఉంటుంది. ముందు భాగం పుట్టుకతోనే తేలిక. వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ ఇంకా తేలికై, కారు గీత మీద నిలబడకుండా అటూ ఇటూ పోయేది.

వేగం పెరిగితే కారు ఎందుకు తేలికవుతుందో కోస్తా ఊళ్లలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తుఫాను హెచ్చరిక రాగానే రేకుల ఇంటి మీదకి ఇసుక బస్తాలు, రాళ్లు ఎక్కిస్తారు. గాలి రేకుని కిందికి నొక్కదు, పైకి లేపుతుంది. పైనుంచి జోరుగా దూసుకుపోయే గాలి దగ్గర ఒత్తిడి తగ్గుతుంది, కింద ఉన్న గాలి ఒత్తిడి రేకుని పైకి తోస్తుంది. ముందు అద్దం దగ్గర లేచి, పైకప్పు మీదుగా తోక దాకా నున్నగా వాలిపోయే స్పోర్ట్స్ కారు ఒళ్లు కూడా గాలికి అలాంటి రేకే. తుఫానులో ఇల్లు నిలబడితే గాలి కదులుతుంది, ఇక్కడ గాలి నిలబడితే కారు కదులుతుంది, అంతే తేడా. వేగం రెట్టింపైతే ఈ లేపే బలం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. అందుకే గంటకి 100 కిలోమీటర్ల దగ్గర తెలియనే తెలియనిది 200 దాటాక ఒక్కసారిగా భయపెడుతుంది. కారు బరువు మారదు, టైరు రోడ్డుని నొక్కే బలం మాత్రం తగ్గిపోతుంది. టైరుకి పట్టు ఇచ్చేది ఆ నొక్కుడే.

బంపర్‌లోని ఇనుప దిమ్మలు ఇసుక బస్తాల్లాంటివి. అవసరానికి పనికొచ్చాయి గానీ, గాలి పనిని ఆపలేదు.

అసలు దశాబ్దాల పాటు కార్లు గీసేవాళ్ల దృష్టంతా గాలి అడ్డు తగ్గించడం మీదే ఉంది. ఎంత నున్నగా ఉంటే అంత వేగం అనుకున్నారు. 1938 జనవరి 28 ఉదయం ఫ్రాంక్‌ఫర్ట్-డార్మ్‌స్టాట్ రోడ్డు మీద రుడాల్ఫ్ కారచ్చియోలా మెర్సిడెస్‌లో గంటకి 432 కిలోమీటర్లు దాటాడు. ఆ రికార్డు మీద కన్నేసి అదే రోజు బయల్దేరిన బెర్న్ట్ రోజ్‌మేయర్ ఆటో యూనియన్ కారు అదుపు తప్పింది, ఆయన చనిపోయాడు. పక్కనుంచి కొట్టిన గాలి విసురే కారణమని ఎక్కువమంది నమ్మకం. ఆ తర్వాత 18 ఏళ్లకి, 1956లో, మైకేల్ మే అనే యువ స్విస్ ఇంజనీర్ తన పోర్షే 550 మీద విమానం రెక్కని తలకిందులు చేసినట్టు ఒక రెక్క బిగించి జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌కి తీసుకొచ్చాడు. దాని వాలుని డ్రైవర్ కూర్చున్న చోటి నుంచే మార్చుకోవచ్చు. అధికారులు దాన్ని తీయించేశారు. నాకు ఇప్పటికీ మనసుకి కష్టంగా అనిపించే ఘట్టం ఇది. సరైన జవాబు కళ్లముందుకి వచ్చినా వెనక్కి పంపేశారు. 1966లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ కారు మీద ఎత్తయిన రెక్కతో రేసులకి దిగేదాకా ఆ ఆలోచన మళ్లీ లేవలేదు.

రోడ్డు మీద తిరిగే 911 విషయంలో మార్పులు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1969 మోడల్‌కి ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు, బ్యాటరీని రెండుగా విడదీసి ముందు భాగంలో చెరో పక్క పెట్టారు. 1972 మోడల్ 911 ఎస్‌కి ముందు బంపర్ కింద గాలిని అడ్డుకునే చిన్న అంచు వచ్చింది. దాంతో ముక్కు కుదురుకుంది. తోక మాత్రం లేస్తూనే ఉంది.

1972 వేసవిలో జర్మనీలోని వైజాక్‌లో పోర్షే టెస్ట్ ట్రాక్ మీద జరిగిన పని ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. హెర్మన్ బుర్స్ట్, టిల్మన్ బ్రోడ్‌బెక్ అనే ఇంజనీర్లు, స్టైలిస్ట్ రోల్ఫ్ వీనర్ కలిసి 911 ఇంజన్ మూత మీద పల్చటి లోహపు రేకుతో ఒక అంచు తయారుచేశారు. కారుని పరిగెత్తించడం, ఆపడం, అంచుని కాస్త ఎత్తడం, మళ్లీ పరిగెత్తించడం. మిల్లీమీటర్ల లెక్కన ఎత్తుతూ పోయారు. ఎత్తేకొద్దీ తోక స్థిరపడింది, పైగా అందరూ అనుకునేదానికి విరుద్ధంగా గరిష్ఠ వేగం కూడా పెరిగింది. ఎందుకంటే, తోక మీద నుంచి కిందికి జారిపోతూ సుడులు తిరిగే గాలి ఇప్పుడు అంచు దగ్గరే శుభ్రంగా విడిపోతోంది. ఒక హద్దు దాటి ఎత్తితే మాత్రం గాలి అడ్డు పెరగడం మొదలైంది. అక్కడ ఆగారు.

ఆ అంచే జర్మన్లు 'బాతు తోక' అని పిలుచుకున్న స్పాయిలర్. ఆగస్టులో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు, అక్టోబర్‌లో పారిస్ మోటార్ షోలో 911 కరేరా ఆర్ఎస్ 2.7 మీద చూపించారు. గంటకి 245 కిలోమీటర్ల వేగంలో వెనక ఇరుసుని పైకి లేపే బలం 144 కిలోల నుంచి 42 కిలోలకి దిగింది. గరిష్ఠ వేగం 4.5 కిలోమీటర్లు పెరిగింది. 22 కిలోల ఇనుము చేయలేని పనిని ఒక వంపు చేసింది! రేసుల్లోకి అనుమతి కావాలంటే కనీసం ఇన్ని కార్లు ఉండాలన్న నిబంధన కోసం 500 అమ్మితే చాలనుకున్నారు. నవంబర్ చివరికే అవి అయిపోయాయి, మొత్తం 1,580 తయారయ్యాయి.

ఆ పదునైన అంచు పాదచారులకి, రెండు చక్రాల బండ్ల వాళ్లకి తగిలితే ప్రమాదమని జర్మన్ అధికారులు అభ్యంతరం చెప్పారు. దాంతో తర్వాతి 911 టర్బో మీద రబ్బరు అంచున్న వెడల్పాటి 'తిమింగలం తోక' వచ్చింది. 1989 మోడల్‌కల్లా రెక్క మూతలోకి దాక్కుంది. వేగం 80 దాటితే తనంతట తనే లేస్తుంది, కారు నెమ్మదిస్తే మళ్లీ లోపలికి పోతుంది.

ఇంత తెలిశాక ఇక ఎవరూ పొరపాటు చేయరనే అనుకుంటాం. కానీ 1998లో ఆడి కంపెనీ స్పోర్ట్స్ కారు టీటీ వచ్చింది. 1995 ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించిన నమూనా అందరికీ నచ్చేసింది. ముందు నుంచి చూసినా వెనక నుంచి చూసినా ఒకే గుండ్రదనం, ఎక్కడా ఒక్క అంచు అడ్డం రాదు. ఆ రూపాన్ని దాదాపు చెక్కుచెదరకుండా రోడ్డు మీదకి తెచ్చారు. గాలికి మాత్రం ఆ గుండ్రటి తోక మళ్లీ రేకుల కప్పే.

చాలాచోట్ల వేగ పరిమితి లేని జర్మన్ హైవేల మీద 1999లో వరసగా ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. వాటిలో ఒక పోలిక కనిపించింది: గంటకి 180 కిలోమీటర్లు దాటిన వేగం, హఠాత్తుగా లేన్ మారడం లేదా బిగుతైన మలుపు. డ్రైవర్ వైపు నుంచి ఆలోచించండి. మలుపులో ఉండగా ముందు ఏదో అడ్డొస్తుంది. టెన్షన్‌లో ఎవరైనా చేసే పనే అతనూ చేస్తాడు, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తాడు. కారు బరువు ముందుకి వాలుతుంది. అప్పటికే గాలి తోకని సగం లేపి ఉంచింది, ఇప్పుడు మిగిలిన బరువు కూడా జారుకుంది. వెనక టైర్ల పట్టు తప్పి తోక పక్కకి తిరుగుతుంది. ఆ వేగంలో సరిదిద్దుకోవడానికి అతని చేతిలో క్షణం కూడా ఉండదు. దీన్ని డ్రైవర్ తప్పుగా చూడటం నాకు న్యాయంగా అనిపించదు. భయపడిన మనిషి ఏం చేస్తాడో ముందే తెలుసుకుని కారు తయారుచేయాలి.

ఆడి దిద్దుబాటు మొదలుపెట్టి, అమ్మేసిన కార్లని వెనక్కి పిలిచింది. సస్పెన్షన్ మార్చింది, తోక మీద చిన్న స్పాయిలర్ బిగించింది, ఈఎస్‌పీని కూడా చేర్చింది. కొత్తగా తయారయ్యే కార్లన్నిటికీ ఇవే మార్పులు వచ్చాయి. ఈఎస్‌పీ అంటే కారు తిరగాల్సినదానికంటే ఎక్కువ తిరుగుతోందని సెన్సర్ల ద్వారా కనిపెట్టి, అవసరమైన ఒక్క చక్రానికే బ్రేకు వేసి దారిలో పెట్టే వ్యవస్థ. ఇప్పుడది మన దగ్గర మామూలు కార్లలో కూడా వస్తోంది. డిక్కీ మీద అతికించుకునే ప్లాస్టిక్ రెక్క కోసం ఖర్చు పెట్టేకంటే, కారు కొనేటప్పుడు ఇది ఉందా అని అడగడం ఎంతో నయం. మన రోడ్ల వేగాల్లో ఆ అతుకుడు రెక్క చేసేది దాదాపు ఏమీ లేదు.

అయితే ఎలక్ట్రానిక్స్‌కైనా టైరు నేల మీద ఉంటేనే పని. అదే 1999 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లమాన్స్ 24 గంటల రేసు దగ్గర మెర్సిడెస్ సీఎల్ఆర్ రేసు కార్ల ముక్కులు గాల్లోకి లేచాయి. మార్క్ వెబర్ కారు రేసుకి ముందే రెండుసార్లు పల్టీ కొట్టింది. రేసులో పీటర్ డంబ్రెక్ కారు టీవీ కెమెరాల ముందే గాల్లో గిరికీలు కొట్టి, ట్రాక్ పక్క చెట్లలో పడింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు. ముందు కారుని అంటిపెట్టుకుని మిట్ట ఎక్కేటప్పుడు, పొడుగాటి ముక్కు కిందికి గాలి దూరడమే కొంప ముంచింది. మిగిలిన కారుని మెర్సిడెస్ రేసు నుంచి విరమించుకుంది.

2006లో వచ్చిన రెండో తరం టీటీలో రెక్కని తోకలోనే దాచారు. 120 దాటితే అది బయటికి వస్తుంది. పోర్షే తన రేసు తరహా 911లలో ఆ దాపరికం కూడా పెట్టుకోలేదు. 2022లో వచ్చిన 911 జీటీ3 ఆర్ఎస్‌లో వెనక రెక్క కారు పైకప్పు కంటే ఎత్తు. గంటకి 285 కిలోమీటర్ల దగ్గర గాలి ఆ కారుని 860 కిలోల బలంతో రోడ్డుకేసి నొక్కుతుంది. దానికి చెల్లించిన ధర కూడా కంపెనీ లెక్కల్లోనే ఉంది. రెక్క చిన్నదైన అప్పటి మామూలు జీటీ3 గంటకి 318 కిలోమీటర్లు అందుకునేది. ఇంజన్ బలం కాస్త ఎక్కువే ఉన్నా ఆర్ఎస్ 296 దగ్గర ఆగిపోతుంది.