బ్యారన్ పీల్చిన బీడీ పొగ

మాఘమాసం రాత్రుల్లో టంగుటూరు, కొండపి వైపు వెళ్తే పొగాకు ఆకుని వేడిగాలితో ఎండబెట్టే గదుల, అంటే బ్యారన్ల, పొయ్యిలు ఎర్రగా కనిపిస్తాయి. మా పెదనాయనకి తోడుగా అక్కడ పడుకున్న ఒక రాత్రి ఆయన నాకో తమాషా చూపించాడు. గోడ అడుగున ఉన్న గాలి కంత దగ్గర బీడీ పట్టుకున్నాడు. పొగ పైకి లేవలేదు. అడ్డంగా వంగి, ఎవరో దారం లాగినట్టు లోపలికి పోయింది. "చూశావా అబ్బయా, బ్యారన్ బీడీ తాగుతోంది!"

లాగిందెవరు? లోపల ఫ్యాను లేదు. కట్టెలు మండేది బయటి పొయ్యిలో. ఆ మంటా పొగా నేల మీది రేకు గొట్టాల్లో తిరిగి చిమ్నీలోంచి పోతాయి. (పొగాకు అన్నారు కదా అని ఆకుకి పొగ పెడతారనుకునేవాళ్లున్నారు. ఇలా బ్యారన్‌లో ఎండబెట్టే రకానికి పొగ తగలనే కూడదు.) ఆకుకి తగిలేది గొట్టాల మీద వేడెక్కిన గాలే.

కదలకుండా ఉన్న గాలి వేడిని చేరవేయడంలో మహా బద్ధకంది. దుప్పటి వెచ్చగా ఉండేది అందులో ఇరుక్కున్న గాలి వల్లే. కాబట్టి బ్యారన్‌లో గాలే నడవాలి. వేడిగాలి పైకి పోతుందని బళ్లో చదువుకున్నాం కానీ, నిజానికి దాన్ని నెట్టేది కింద దూరే బరువైన చల్లగాలి. 25 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 1.18 కిలోలు తూగుతుంది, 55 డిగ్రీల దగ్గర 1.08. తేడా 100 గ్రాములు. కంతకీ పై వెంటిలేటర్‌కీ మధ్య 5 మీటర్ల ఎత్తుంటే చదరపు మీటరుకి అరకిలో తోపు. బ్యారనంతా ఆ అరకిలో మీదే నడుస్తుంది.

కంతలూ వెంటిలేటరూ మూసేస్తే గాలి లోపలే తిరుగుతుంది. గొట్టాల మీద లేచి, కప్పుకి తగిలి, చల్లబడి గోడల వెంట దిగుతుంది. ఆకు పసుపెక్కే మొదటి రోజుల్లో కావలసింది ఆ 35 డిగ్రీల ఉక్కే. అప్పుడే తెరిస్తే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. రంగు తిరిగాక కూడా మూసి ఉంచితే గోధుమరంగు మచ్చలు. అసలు టెన్షనంతా ఇక్కడే. ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల దగ్గర మోయగలిగే ఆవిరి 30 గ్రాములు, 55 దగ్గర 100 పైమాటే. అంత నీళ్లు మోస్తున్న గాలికి బయటికి దారి ఉండాలి.

పైకి పోయేకొద్దీ గాలి ఆకులోని తడి తాగి చల్లబడుతుంది. అందుకే వరసలుగా వేలాడదీసిన ఆకులో కింది వరుస ముందు ఎండుతుంది, కమిలితే అదే ముందు కములుతుంది. థర్మామీటరు అక్కడే వేలాడదీస్తారు.

చివర్లో ఈనె ఎండడానికి 70 డిగ్రీలు. అప్పటికి తడి పెద్దగా మిగలదు కనుక కంతలు దాదాపు మూసేస్తారు, లేకపోతే కట్టెలు దండగ. ఐదారు రోజులకి పొయ్యి ఆర్పితే ఆకు అప్పడంలా ఉంటుంది, చెయ్యి తగిలితే పొడే. పొయ్యి ఆర్పిన రాత్రి పెదనాయన తలుపుతో సహా అన్నీ బార్లా తెరిచాడు. మంచుగాలి కింద నుంచి దూరింది. ఆ తడికి తెల్లారి ఆకు మెత్తబడేదాకా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు.