పూల్ నీళ్లలో కాల్షియం ఎందుకు వేస్తారు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అమలాపురంలో మీరు ఈతకెళ్లే పూల్ దగ్గర కాల్షియం క్లోరైడ్ బస్తా విప్పుతుంటే చూశారట. మంచి నీళ్లను చేజేతులా కఠిన జలం చేసుకోవడమేమిటని పెద్దాడి అనుమానం. బట్టలుతకడానికైతే వాడి మాట నిజమే, కాల్షియం తక్కువుంటేనే సబ్బు నురగొస్తుంది. పూల్ సంగతి వేరు.

కాల్షియం చాలని నీళ్లు ఊరుకోవురా. పూల్ గోడల పూత సిమెంటు, టైల్స్ సందుల్లో కూరిందీ సిమెంటే. సిమెంటులో ఎక్కువ పాలు కాల్షియం. నీళ్లు తమకు తక్కువైనదాన్ని అక్కణ్ణుంచే కరిగించుకుంటాయి. రానురాను గోడ గరుకెక్కి మీ మోచేతులు గీసుకుంటాయి. అందుకే కాల్షియం కఠినత్వాన్ని, కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల మధ్య ఉంచుతారు.

మరీ ఎక్కువైనా తంటాయే. నీళ్లు మసకబారతాయి, టైల్స్ మీద తెల్లగా పెచ్చు కడుతుంది. పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది కదా, కాల్షియం కార్బొనేట్‌ది తిరకాసు బుద్ధి: నీళ్లు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్ల పొర అదే. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె), క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) పెరిగినా పేరుకుంటుంది. వీటన్నిటినీ కలిపి తూచే సూచికను 1936లో లాంగెలియర్ అనే అమెరికా ఆచార్యుడు నీటి గొట్టాల కోసం కట్టాడు. సున్నా వస్తే సరిసమానం. మైనస్ వస్తే నీళ్లు గోడను తింటాయి, ప్లస్ వస్తే పెచ్చు కడతాయి.

మన కోనసీమలో ఈ ముల్లు ఏడాది పొడుగునా అటూ ఇటూ ఊగుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బోరే గతి, ఆ నీళ్లు సాధారణంగా కాలువ నీళ్లకన్నా కఠినం. రోహిణీ కార్తె ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి, కాల్షియం మాత్రం అక్కడే ఉంటుంది. బ్లీచింగ్ పౌడర్ వేసినప్పుడల్లా ఇంకాస్త చేరుతుంది. ముసురు పట్టిందా, అంతా తారుమారు! వాన నీటిలో కాల్షియం దాదాపు ఉండదు. మీరు చూసిన బస్తా వానల తర్వాతే విప్పి ఉంటారు. భీమవరం వైపు రొయ్యల రైతులకు ఇదంతా కొట్టిన పిండి. పెంకు విడిచిన రొయ్యకు కొత్త పెంకు గట్టిపడాలంటే నీళ్లలో కాల్షియం ఉండాలి మరి. చాలామంది పూల్ యజమానులకన్నా వాళ్లకే ఈ లెక్క బాగా తెలుసని నా నమ్మకం.

కాల్షియం క్లోరైడ్ నీళ్లలో పడితే బాగా వేడి పుడుతుంది, అది కలిపే బకెట్ దగ్గరికి పోకండి. కాల్షియం ఎక్కువైతే తగ్గించే సులువైన మందు లేదు. కొంత నీరు తోడేసి, శుద్ధి చేసిన కాలువ నీళ్లు కలపాలి. పూల్ మొత్తం ఖాళీ చేస్తామంటే మాత్రం వద్దని చెప్పండి. మన నేలలో కాస్త తవ్వితే నీరు పడుతుంది. కింది నీటి ఒత్తిడికి ఖాళీ తొట్టి పైకి లేచి పగిలిపోగలదు, వానాకాలంలో మరీను.

మీ తాతయ్య